బండి కూర్చున్న రోజు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. చీమకుర్తిలో గ్రానైట్ లారీ నడిపే రోజుల్లో, గొలుసు సరిగా బిగించని సూపర్‌వైజరు రాయి జారిందని నన్ను తిడితే, కాలరు పట్టుకుని వాణ్ణి ఆ రాయి మీదే కూర్చోబెట్టాను. ఆ ఉద్యోగం అక్కడితో సరి. ఆ తర్వాతే సత్తెనపల్లి అవతల ఒక పల్లెలో మిర్చి పండించి మిర్చి వ్యాపారమే చేసే ఒక ఆసామి దగ్గర డ్రైవరుగా కుదిరాను. ఊళ్ళలోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం అది.

ఆయన కొన్న బండి జపాన్ నుంచి వచ్చిన పాత పెద్ద కారు. నాలుగు చేతులు మారి ఆయన దగ్గరికి చేరింది. గేరు రాడ్డు పక్కన దానికో చిన్న మీట ఉండేది. పైకి నొక్కితే బండి మొత్తం బెత్తెడు లేచేది, కిందికి నొక్కితే కూర్చునేది. లోపల ఒక పంపు నూనెను నాలుగు చక్రాల దగ్గరికీ తోస్తుంది, ఆ ఒత్తిడికి బండి లేస్తుంది. సత్తెనపల్లి బజారులో ఆపి ఆ మీట నొక్కితే జనం మూగేవాళ్ళు. ఆసామి మీసం కూడా బెత్తెడు లేచేది.

అయితే ఆయన ఆ బండి కొన్నది మీసం కోసం కాదు, భయానికి కొన్నాడు. ఊళ్ళో సగం ఆయన మాట వినేది, మిగతా సగం ఆయన పెదనాన్న కొడుకు మాట వినేది. గట్టు దగ్గర మొదలైన తగాదా కొడవళ్ళ దాకా వచ్చింది. దారి కాస్తే రోడ్డు వదిలి చేలకి అడ్డం పడి పారిపోవాలి, మామూలు కారు గట్లెక్కలేదు, ఇది ఎక్కుతుంది. నన్ను పనిలో పెట్టుకున్న రోజే ఆయన ఆ మాట చెప్పాడు.

"ఒరేయ్, నీ పని నడపటం కాదు. అవసరం పడ్డ రోజున ఆ మీట నొక్కటం. ఆ ఒక్క రోజుకే నీకు జీతం."

ఆ ఒక్క రోజు మిర్చి కోతల కాలంలో వచ్చింది. పొద్దు వాలుతుండగా గుంటూరు యార్డు నుంచి ఇద్దరమే వస్తున్నాం. ఊరి ముందరి కల్వర్టు మీద ట్రాక్టరు ట్రక్కు అడ్డంగా పెట్టి ఉంది. దాని వెనక తలలు కనపడ్డాయి. ఆసామి "నొక్కరా" అన్నాడు. నేను అప్పటికే నొక్కాను. ముందు భాగం లేచింది. వెనక భాగం లేవలేదు సరిగదా, కుక్క కూర్చున్నట్టు చతికిలబడింది. ఎదురుగా అద్దాల కింద పసుప్పచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆగే వ్యవధి లేదు. స్టీరింగు కోసి పత్తిచేలోకి దించాను. రెండో గట్టు మీద బండి వెనక పొట్ట ఆనుకుని చక్రాలు గాల్లో తిరిగాయి.

వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. మొదటి వేటుకి ఆసామి పక్క అద్దం పగిలింది. రెండో వేటుకి ఆయన మొహానికి కుడిచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చేతిలో కొడవలి దిగిన చప్పుడు నాకు ఇప్పటికీ నచ్చని చప్పుడు, పచ్చి జొన్నదంటు నరికినట్టు ఉంటుంది. నేను దిగి అటువైపు తిరిగొచ్చి జాకీ రాడ్డుతో ఒకడి దవడ పగలగొట్టాను. ఇంకొకడి చెవి కొరికాను, నిజం, కొరికాను. ఈలోగా మిర్చి కోసి వెళ్ళే కూలీల ట్రాక్టరు కేకలేస్తూ రావడంతో వాళ్ళు చెదిరిపోయారు. ఆసామిని భుజాన వేసుకుని రోడ్డెక్కి, ఆ ట్రాక్టరులోనే ఆస్పత్రికి చేర్చాను. నా చొక్కా బొత్తాల దాకా ఆయన నెత్తురే.

ఇంత చేసినవాడికి మర్నాడు జరిగిన సన్మానం వినండి. పొద్దున్నే ఆసామి బావమరిది, అంటే ఆయన భార్య తమ్ముడు, నలుగురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి నన్ను ఈడ్చుకుపోయాడు. మిర్చి గోడౌనులో ఇనప స్తంభానికి చేతులు ముందుకు పెట్టి కట్టారు. రెండు చేతుల మధ్య స్తంభం, నా మొహానికి స్తంభం. ఆ గోడౌనులో మామూలుగా నిలబడితేనే ఘాటుకి కళ్ళ నీళ్ళు కారతాయి. కట్టేస్తే తుడుచుకోవడానికి చెయ్యి కూడా ఉండదు.

"అన్నాళ్ళూ లేచిన బండి నిన్ననే ఎందుకు లేవలా?" అన్నాడు బావమరిది. వాడి చేతిలో బస్తాలు జరిపే ఇనప గడ్డపార ఉంది. "ఎవడికి అమ్ముడుపోయావురా?"

"అమ్ముడుపోయినవాణ్ణయితే మీ బావని భుజానేసుకుని ఎందుకు మోస్తానురా సన్నాసీ?" అన్నాను. చెంప మీద కొట్టాడు. నేను వాడి మీద ఉమ్మేశాను. ఈసారి పొట్టలో పొడిచాడు. స్తంభం లేకపోతే కింద పడేవాణ్ణి.

అప్పుడు ఆసామి వచ్చాడు. కుట్లు వేసిన చెయ్యి మెడలో వేలాడుతోంది, డాక్టరు వద్దంటున్నా లేచొచ్చాడట. నులకమంచం వేయించుకుని కూర్చున్నాడు. మొహంలో కోపం లేదు, దానికే నాకు భయమేసింది.

"అయ్యా, మీకు తెలీదా నా సంగతి?" అన్నాను.

"నిన్నటిదాకా తెలుసనుకున్నా," అన్నాడు. తర్వాత బావమరిదితో చెప్పాడు. "తాడేపల్లి మేస్త్రికి కబురెళ్ళింది. అతనొచ్చి బండి చూస్తాడు. దానంతటది పాడైందంటే వీణ్ణి విప్పెయ్. ఎవరో చెయ్యి పెట్టారని తేలితే, ఆ పెట్టిన చేతులు రెండూ ఉండకూడదు."

డ్రైవరుకి చేతులు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? పెళ్ళాం బిడ్డలు తినేది ఈ రెండు చేతుల కష్టమే. ఆ చేతులు ఉంటాయో పోతాయో ఒక పాత బండి చెప్పాలి. జీవితంలో నేను ఏ దేవుడికీ అంత నిజాయితీగా మొక్కలేదు, ఆ రోజు ఆ బండికి మొక్కాను.

బండిని ట్రాక్టరుతో లాక్కొచ్చి గోడౌను తలుపు దగ్గర, నా ఎదురుగానే నిలబెట్టారు. తోక నేలకి రాసుకుంటోంది. మేస్త్రి మధ్యాహ్నానికి వచ్చాడు. ఈ లేచే బండ్లు చూడగలిగింది మా జిల్లా మొత్తానికి తానొక్కడే అని చెప్పుకునే మనిషి. వచ్చీ రాగానే స్తంభాన్ని, నన్ను, గడ్డపారని చూశాడు. దాంతో ఆయనకున్న విద్యలో సగం ఎగిరిపోయింది.

బానెట్టు ఎత్తి నూనె డబ్బాలోకి చూశాడు. టార్చి వేశాడు. "గ్యాసు బుడ్లు పోయినయ్యండి," అన్నాడు. చక్రానికొకటి చొప్పున గ్యాసు నింపిన ఇనప బుడ్లు ఉంటాయి. అదురు తినేది అవే.

నాకు ఒళ్ళు మండింది. "బుడ్లు పోతే బండి ఎగిరెగిరి పడాలి కదయ్యా! నిన్న యార్డు నుంచి మెత్తగా పరుపు మీద వచ్చినట్టు వచ్చింది. సరిగ్గా చూడు!"

"నోరు ముయ్," అన్నాడు బావమరిది.

మేస్త్రి ఇంజను వేయించి పంపు మీద చెయ్యి పెట్టాడు. జుమ్మని పనిచేస్తోంది. తల గోక్కున్నాడు. వెనక్కి వెళ్ళి చక్రం పక్కన పడుకుని లోపలికి చూశాడు. కాసేపటికి, కూరలో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా ఒక మాట అనేశాడు. "ఇక్కడ గొట్టం దగ్గర నట్టు తడిగా ఉందండి. పానా పడ్డ గుర్తులున్నయ్. ఎవరో విప్పినట్టుంది."

ఎవరో విప్పినట్టుంది. అంతే, గడ్డపార లేచింది. ఆసామి ఎడమ చెయ్యి ఎత్తకపోతే అది నా మీద పడేదే. నేను గొంతు చించుకుని అరిచాను.

"నువ్వేరా విప్పింది! పోయిన వానాకాలం బండి తాడేపల్లి తీసుకొస్తే, గొట్టాల్లో గాలి చేరిందని నాలుగు నట్లూ విప్పి నూనె వదిలావు. నీ షెడ్డు ముందర నా ప్యాంటు మీద కూడా పడింది. నీ పానా గుర్తుకి నా చేతులు తీయిస్తావా?"

మేస్త్రి మొహం పాలిపోయింది. "అవునండి," అన్నాడు మెల్లగా. "నేనే విప్పాను. మర్చిపోయాను."

మర్చిపోయాడట! అంత కష్టంలోనూ నవ్వొచ్చింది. చేసినవాడు మర్చిపోతాడు, పడేవాడు గుర్తుపెట్టుకోవాలి.

ఈసారి మేస్త్రి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశాడు. బండి తన మీద కూర్చోకుండా వెనక దుంగలు పేర్పించాడు, చెయ్యి భుజం దాకా లోపలికి దూర్చాడు. "ఇదేందిది?" అన్నాడు. మళ్ళీ టార్చి వేయించుకున్నాడు. తర్వాత మమ్మల్ని చూడమని, మీట పైకి నొక్కి ఉంచమని ఎవరికో చెప్పి, లోపల వేలితో దేన్నో పైకి ఎత్తాడు. పంపు మూలిగింది. బండి తోక, నా కళ్ళ ముందే, మెల్లగా లేచింది. వేలు వదిలాడు. తోక దిగిపోయింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ లేచింది.

"అయ్యా, ఇది బండి ఎత్తు కొలిచే చెయ్యి," అన్నాడు మేస్త్రి, గొంతులో ప్రాణం వచ్చి. "వేలంత ఉంటది. ఇరుసుకీ దీనికీ మధ్య ఒక కడ్డీ. ఈ చెయ్యి కిందికి వాలితే, బండి బాగా ఎత్తులో ఉందనుకుని లోపలి పెట్టె నూనె వదిలేస్తది. కడ్డీ కీలు ఊడింది. ఎందుకూడిందంటే, దీనికి ఎవరో ఇది కట్టారు. దీని బరువుకి చెయ్యి కిందికి వేలాడుతోంది. పాపం బండికేం తెలుసు, నేను ఎత్తులోనే ఉన్నా కదా అనుకుంది."

తాడు కోసి ఆ వస్తువు బయటికి తీశాడు. నల్ల గుడ్డ మూట. మట్టి పట్టి బరువెక్కింది. విప్పితే గుర్రపు నాడా, పటిక ముక్క, ఏదో వేరు, పసుపు కొమ్ము.

దిష్టికి మేం డ్రైవర్లం కూడా కడతాం. బంపరుకి నల్లతాడు, వెనకాల పాత చెప్పు. కానీ అవి నలుగురికీ కనపడేట్టు కడతాం, దిష్టి పెట్టే కన్ను ముందు దాని మీద పడాలి. కనపడకుండా కట్టేది వేరే. దాన్ని చూడగానే అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. నేను మాత్రం బతికిపోయానని అనుకున్నాను. పైపు కొయ్యలేదు, నట్టు విప్పలేదు, ఇంకేం కావాలి?

"చేతబడి," అన్నాడు బావమరిది. "బండి కింద దూరేవాడు ఎవడు? వీడే. వీడే కట్టాడు బావా!"

ఆసామి నా మొహంలోకి చూశాడు. ఈసారి చెయ్యి ఎత్తలేదు.

గడ్డపార నా కుడిచేతి మీద, స్తంభానికి ఆనించి ఉన్న వేళ్ళ మీద పడింది. నొప్పి వెంటనే తెలియలేదు, చప్పుడు తెలిసింది. తర్వాత నొప్పి తెలిసింది, స్తంభం వెంట జారి కూలబడ్డాను. నా నోట్లోంచి వచ్చిన అరుపు మనిషి అరుపులా లేదని మేస్త్రి తర్వాత ఎప్పుడో అన్నాడు. వేళ్ళు వేళ్ళలా లేవు. రెండో దెబ్బకి వాడు గడ్డపార ఎత్తాడు, నా ఎడమచేతికి గురి చూసుకుంటున్నాడు.

"ఆపరా! అది కట్టింది నేను."

ఆసామి భార్య. ఇంటికీ గోడౌనుకీ మధ్య ఒక తలుపు ఉంది, అక్కడ నిలబడి ఉంది. నేను ఆ ఇంట్లో పనిచేసిన కాలమంతా ఆవిడ నాతో మాట్లాడింది భోజనం వేళకి "తిన్నావా" అని అడగడమే. చేతికి పిండి అంటుకుని ఉంది, వంట మధ్యలోంచి వచ్చినట్టుంది.

"అక్కా, నువ్వు లోపలికి పో," అన్నాడు తమ్ముడు.

"కట్టింది నేనని చెప్తంటే వినపడలేదా? కొండ మీద అమ్మవారి దగ్గర ఇచ్చారు. రక్ష. ఎవరికీ కనపడకుండా ఇరుసు దగ్గర కట్టమన్నారు. మీ బావ యార్డులో లెక్కలు చూసుకునే రోజున, బండి ఇంట్లో ఉంటే, నేనే దూరి కట్టాను. సన్న కడ్డీ దొరికింది, ముడెయ్యటానికి వీలుగా ఉంది." ఆవిడ భర్త వైపు తిరిగింది. "నువ్వు చావకూడదని కట్టానయ్యా. ఇంతకంటే పెద్ద తప్పు నా జన్మలో చెయ్యలా."

ఆసామి మంచం మీంచి లేచాడు. ఆవిడ ఆయన్ని దాటి వచ్చి నా ముందు కూర్చుని నా చేతుల కట్టు విప్పడం మొదలుపెట్టింది. కొబ్బరితాడు, నాలుగైదు ముళ్ళు. ఆసామి ఎడమచేత్తో ఆవిడ చెంప మీద కొట్టాడు. ఆవిడ తల స్తంభానికి తగిలింది. తల తిప్పుకుని మళ్ళీ ముడి మీదికే వంగింది. జుట్టు పట్టుకుని గుంజాడు. ఆవిడ వేళ్ళు తాడు వదల్లేదు. ఆయన వీపు మీద తన్నాడు. పెదవి పగిలి నెత్తురు నా విరిగిన వేళ్ళ మీద పడింది. ముడి రాకపోతే పళ్ళతో లాగింది. నేను "అమ్మా, వదిలెయ్, వెళ్ళిపో" అంటూనే ఉన్నాను, ఆ తాడు వదులవుతుంటే లోలోపల సంతోషంగా కూడా ఉంది. మనిషి ప్రాణం అంత స్వార్థం.

తమ్ముడు చూస్తూ నిలబడ్డాడు. గడ్డపార చేతిలోనే ఉంది.

"ఏరా!" అని అరిచాను వాడి మీద. "బండి పాడు చేసిన చేతులు తీసెయ్యాలన్నాడు కదరా మీ బావ! ఇవిగో, ఇవే ఆ చేతులు. కొట్టరా ఇప్పుడు!"

వాడు గడ్డపార కింద పడేసి మిర్చి బస్తాల వైపు తిరిగి నిలబడ్డాడు. తోడబుట్టిన అక్కని తంతుంటే చెయ్యాల్సిన పని అదేనని వాడికి తోచింది కాబోలు.

చివరి ముడి వచ్చింది. ఆసామి ఈసారి ఆవిడ మెడ పట్టుకున్నాడు, ఎడమచేత్తోనే. ఆయన కుడిచెయ్యి కుట్లలో ఉంది, నా కుడిచెయ్యి నుజ్జయి ఉంది. ఇద్దరికీ ఒక్కో చెయ్యే. నా చేతికి కింద పడ్డ గడ్డపార అందింది. పెద్ద ఆలోచనేమీ చెయ్యలేదు. మోకాలి మీద కొట్టాను. నిన్న ఇదే మనిషిని భుజాన మోశానని తెలుసు, తెలిసే ఇంకోసారి కొట్టాను. ఆయన కూలిపోయాడు. మిర్చి దుమ్ము లేచి అందరం దగ్గాం. పగవాడు కొడవలితో నరికినప్పుడు రాని అరుపు అప్పుడు వచ్చింది ఆయనకి.

బావమరిది వెంట వచ్చిన మనుషులు నా మీదికి వచ్చేవాళ్ళే. ఆవిడ లేచి నిలబడింది. పైటతో నోరు తుడుచుకుంది. "ముందు ఆయన్ని బండెక్కించండి," అంది. "ఇతన్ని కూడా." ఆ గొంతుకి ఎవరూ ఎదురు చెప్పలేదు. మేస్త్రి ఆ గొడవలోనే ఊడిన కడ్డీని ఇనపతీగతో బిగించేసి ఉన్నాడు. భయం వేస్తే చేతులకి ఏదో ఒక పని చెప్పే రకం. ఆయనే నడిపాడు. ముందు సీట్లో ఆవిడ, మధ్యలో ఆసామి మూలుగుతూ, వెనక నేను. గుంతల్లో బండి మెత్తగా పోయింది.

ఆస్పత్రికి పోలీసు వచ్చాడు. నేను జైలుకి సిద్ధమయ్యే ఉన్నాను. చేసింది చెప్పేద్దాం, నా వేళ్ళు విరగ్గొట్టిందెవరో కూడా చెప్పేద్దాం, అందరం కలిసే పోదాం అనుకున్నాను. నేను నోరు తెరిచేలోగా ఆవిడ ముందుకొచ్చింది.

"బండి కూర్చుంది సార్, ఆయన కాలి మీద."

పోలీసు మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి చేతులకంటిన నూనె తుడుచుకున్నాడు. "హైడ్రాలిక్ బండండి. నూనె వదిలితే ఉన్నట్టుండి కూర్చుంటది," అన్నాడు. పోలీసు ఆసామిని అడిగాడు. ఆయన నన్ను చూశాడు, భార్యని చూశాడు. నాలుగూళ్ళలో మీసం తిప్పిన మనిషి, చెయ్యి నలిగిన డ్రైవరు ఎడమచేత్తో తన మోకాలు విరగ్గొట్టాడని ఏ నోటితో చెప్తాడు? తల ఊపాడు.

"మరి డ్రైవరు చెయ్యి?"

"అదీ బండి కిందే సార్," అందావిడ.

నన్ను జైలు తప్పించిన మాటే నా వేళ్ళు విరగ్గొట్టినవాణ్ణి కూడా తప్పించేసింది. అరవాలనుకున్నాను. ఆవిడ నా వైపు చూసింది, వద్దని బతిమాలుతున్నట్టు కాదు, ఆజ్ఞాపిస్తున్నట్టూ కాదు, ఊరికే చూసింది. నా నోరు మూతబడింది. ఆ కుడిచెయ్యి మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు, స్టీరింగు పట్టడానికి మాత్రం పనికొచ్చింది.

పోలీసు ఆవిడ మొహం చూశాడు. ఒక కన్ను మూసుకుపోయింది, పెదవి బుస్సున వాచింది.

"మీకేమైందమ్మా?"

"నేనూ ఆ పక్కనే ఉన్నాను సార్."

"ఇంతమందిని నలగ్గొట్టిన బండి ఎక్కడుందమ్మా ఇప్పుడు?" అన్నాడు, సగం నవ్వుతూ.

"బయటే ఉంది సార్," అంది ఆవిడ. "దాంట్లోనే వచ్చాం. బాగయింది. మళ్ళా ఇంటికి దాంట్లోనే పోవాల."